కింది దవడలో తిత్తి: ఒకే స్లైడుకు రెండు రిపోర్టులు, ఏది నమ్మాలి?

ప్రశ్న: మేనమామ, దేవరకొండ

అందరికీ నమస్కారం. మా అక్క కొడుకుకు 19 ఏళ్లు, దేవరకొండలో డిగ్రీ చదువుతున్నాడు. కొన్ని నెలల క్రితం ఎడమ వైపు కింది దవడ చివర, చెవి కిందుగా, వాపు కనిపించింది. నొప్పి లేదు, జ్వరం లేదు, నోరు తెరవడానికీ ఇబ్బంది లేదు. ఊళ్లో పెద్దవాళ్లు గవదలన్నారు. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ వాడినా వాపు తగ్గలేదు. చివరికి దంతవైద్యుని దగ్గరికి తీసుకుపోతే, రెండు దవడలూ ఒకే బొమ్మలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించారు. జ్ఞానదంతం బయటికి రాకుండా ఎముక లోపలే ఉండిపోయిందని, దాని తల చుట్టూ పెద్ద నల్లటి ఖాళీ ఉందని, ఆ ఖాళీ దవడ ఎముక నిలువు భాగంలోకి కూడా పాకిందని చెప్పారు. దాని ముందున్న దవడ పన్ను వేరు కొస కరిగినట్లుందని కూడా అన్నారు.

ఒక ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే డెంటిజరస్ సిస్ట్ అని రిపోర్టు వచ్చింది. అదే స్లైడును మరొకచోట చూపిస్తే, యూనిసిస్టిక్ అమెలోబ్లాస్టోమా అయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేమని, ఎక్స్‌రేతోనూ రోగి లక్షణాలతోనూ సరిపోల్చుకోవాలని రాశారు. ఒక డాక్టరు తిత్తిని పూర్తిగా తీసివేస్తే చాలంటున్నారు, మరొకరు దవడ ఎముకలో ఆ భాగాన్ని కోసి ప్లేటు వేయాలంటున్నారు. ట్యూమర్ అన్న మాట విన్నప్పటి నుండి మా అక్క సరిగా అన్నం తినడం లేదు, బావ ఎవరేది చెబితే అది నమ్ముతున్నాడు.

ఒకే గాజుపలకను చూసి ఇద్దరు నిపుణులు వేరువేరుగా ఎందుకు రాశారు? మళ్లీ ముక్క తీయించాలా? ఇది క్యాన్సరా? ఇంకొక్క మాట. మాది మర్రిగూడ మండలం. మా తరం వాళ్లందరం ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్లం, మా పళ్ల మీద ఆ గోధుమ రంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లవానికి ఇది ఆ నీళ్ల వల్లనే వచ్చిందని బంధువులంటున్నారు. అది నిజమేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: ఓరల్ పాథాలజీ (నోటి, దవడ కణజాల పరీక్ష) ఉపాధ్యాయురాలు

మేనమామ గారూ, ముందుగా మీ అక్కగారికి ఈ మాట చెప్పండి. రెండు రిపోర్టుల్లో ఉన్న రెండు పేర్లలో ఏదీ క్యాన్సర్ కాదు. డెంటిజరస్ సిస్ట్ ఒక తిత్తి. అమెలోబ్లాస్టోమా కణితే కాని, సాధారణంగా శరీరంలోని ఇతర భాగాలకు పాకదు. అయితే ఉన్నచోట ఎముకను తొలుచుకుంటూ పెరుగుతుంది, పూర్తిగా తీయకపోతే మళ్లీ వస్తుంది. ఈ కుటుంబంలోనే అమెలోబ్లాస్టిక్ కార్సినోమా అనే నిజమైన క్యాన్సర్ ఒకటి ఉంది. అది చాలా అరుదు, మీ రెండు రిపోర్టుల్లోనూ దాని ప్రస్తావన లేదు.

ఇక ఒకే స్లైడుకు రెండు అభిప్రాయాలు ఎందుకు వచ్చాయో చెబుతాను. పన్ను తయారయ్యేటప్పుడు పింగాణి పొరను కట్టే కణజాలం, తన పని ముగిశాక పూర్తిగా మాయమైపోదు. దాని అవశేషాలు చిగురులోనూ, పంటి వేరు చుట్టూ, బయటికి రాని పంటి తల చుట్టూ మిగిలిపోతాయి. బయటికి రాని జ్ఞానదంతం తలకూ, దాన్ని కప్పిన ఆ పొరకూ మధ్య నీరు చేరి ఉబ్బితే డెంటిజరస్ సిస్ట్ అవుతుంది. పింగాణి కణాలను పోలిన కణాలతో, ఒకే పెద్ద గదిగా పెరిగే కణితి యూనిసిస్టిక్ అమెలోబ్లాస్టోమా. దీన్ని ప్రత్యేకమైన రకంగా 1977లో రాబిన్సన్, మార్టినెజ్ వర్ణించారు. ఈ రెండూ ఎక్కువగా కింది జ్ఞానదంతం దగ్గరే వస్తాయి, రెండూ పదహారు నుండి ముప్పై ఏళ్ల లోపు వారిలో ఎక్కువగా కనిపిస్తాయి, ఓపీజీలో రెండూ పంటి తలను చుట్టుకున్న నల్లటి ఖాళీగానే కనిపిస్తాయి. సర్జను తెరిచి చూసినా తిత్తిలాగే ఉంటుంది. తేడా బయటపడేది సూక్ష్మదర్శిని కింద మాత్రమే, అది కూడా సరైన చోటు నుండి ముక్క వస్తేనే.

ఆ తేడాను గుర్తించడానికి మేము చూసే లక్షణాలను 1970లో వికర్స్, గోర్లిన్ వివరించారు. తిత్తి లోపలి పొరలో అడుగు వరుస కణాలు నిలువుగా, కంచె కట్టినట్లు వరుసలో ఉండాలి. వాటి కేంద్రకాలు ముదురు రంగులో, అడుగు నుండి దూరంగా జరిగి ఉండాలి. కణాల లోపల ఖాళీ బుడగలు కనిపించాలి. ఇవన్నీ స్పష్టంగా ఉంటే ఎవరూ సందేహించరు. చిక్కు ఎక్కడంటే, యూనిసిస్టిక్ రకంలో ఈ లక్షణాలు తిత్తి గోడ అంతటా ఉండకపోవచ్చు. చాలా మేర సాధారణ తిత్తి పొరలాగే ఉండి, ఒకచోట మాత్రమే అసలు రూపం చూపిస్తుంది. పైగా చీము పట్టినా, వాపు వచ్చినా ఆ పొర చెదిరిపోతుంది. భూసార పరీక్షకు చేను ఒక మూల నుండి పిడికెడు మట్టి తెచ్చి ఇస్తే, ఆ ఫలితం మొత్తం చేనుకు వర్తిస్తుందని ఏ వ్యవసాయాధికారీ చెప్పరు కదా, చిన్న ముక్క మీద ఇచ్చే రిపోర్టుకు ఉన్న పరిమితి కూడా అదే.

కాబట్టి తోసిపుచ్చలేము అని రాసిన రెండో పాథాలజిస్టు తప్పించుకోవడానికి అలా రాయలేదు. తన ముందున్న ముక్క ఎంతవరకు చెప్పగలదో అంతవరకే చెప్పారు. నా దృష్టిలో అది బాధ్యత గల రిపోర్టు. మొదటివారు రాసింది తప్పని కూడా నేను అనను, ఎందుకంటే వారి దగ్గరికి ఎక్స్‌రే వెళ్లిందో లేదో మనకు తెలియదు. దవడ ఎముకల వ్యాధుల్లో ఎక్స్‌రే చూడకుండా స్లైడు చదవడం ప్రమాదం. దీనికి వ్యతిరేకమైన పొరపాట్లు కూడా జరుగుతాయి. బయటికి రాని పంటిని చుట్టుకుని ఉండే మామూలు సంచి, చూడడానికి మిక్సోమా అనే కణితిలా కనిపిస్తుంది. ఆ పంటి ఎక్స్‌రే పక్కన పెట్టుకోకుండా చదివితే, ఏ జబ్బూ లేని కణజాలానికి కణితి పేరు పడుతుంది, దాని వెనుకే అవసరం లేని ఆపరేషన్ కూడా వస్తుంది.

మీరు ఇప్పుడు చేయవలసింది ఏమిటంటే, స్లైడుతో పాటు, తీసిన ముక్కను పొదిగి ఉంచిన మైనపు బ్లాకును కూడా ఆ ల్యాబు నుండి అడిగి తీసుకోండి. బ్లాకు ఉంటే మరింత లోతు నుండి కొత్త పొరలు కోసి చూడవచ్చు. దానితో పాటు ఓపీజీ ఫిల్ము, పిల్లవాని వయసు, వాపు ఎప్పటి నుండి ఉంది, ఎవరు ఎక్కడి నుండి ముక్క తీశారు అన్న వివరాలు రాసి, ఓరల్ పాథాలజీ విభాగం ఉన్న డెంటల్ కాలేజీకి తీసుకెళ్లండి. మీకు నార్కట్‌పల్లిలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ డెంటల్ కాలేజీలున్నాయి, హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది.

జవాబు 2: ముఖ, దవడ శస్త్రచికిత్స చేసే సర్జను

మేడం చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, సర్జను వైపు నుండి కొంత చేరుస్తాను.

ఓపీజీ అనేది వంకరగా ఉన్న దవడను ఒకే చదునైన బొమ్మగా పరిచి చూపిస్తుంది. ఎముక బుగ్గ వైపు ఉబ్బిందా, నాలుక వైపు ఉబ్బిందా, పై పెంకు ఎక్కడ పలచబడింది, ఎక్కడ చిల్లుపడింది, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఏ వైపుకు నెట్టబడింది అన్నవి అందులో తేలవు. అందుకోసం సీబీసీటీ అనే త్రీడీ స్కాను తీయించాలి. ఎముక ఎంత ఉబ్బింది అన్నది మాకు చాలా ముఖ్యం. ఓడోంటోజెనిక్ కెరటోసిస్ట్ అనే మరో వ్యాధి ఇదే చోట, ఇదే వయసులో వస్తుంది. అది దవడ మజ్జ వెంబడి పొడవునా పాకుతుంది కాని ఎముకను పెద్దగా ఉబ్బించదు. అమెలోబ్లాస్టోమా అయితే ఎముకను రెండు వైపులా ఉబ్బిస్తుంది, పళ్ల వేర్లను కరిగిస్తుంది. వేరు కరగడం ఒక్కదాన్నే పట్టుకుని నిర్ణయానికి రాకూడదు, డెంటిజరస్ సిస్ట్ కూడా కొన్నిసార్లు వేర్లను కరిగిస్తుంది. పాత రిపోర్టులు చూసేవారికి ఒక మాట. ఈ కెరటోసిస్ట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో కణితుల జాబితాలో చేర్చి పేరు మార్చింది, 2017లో తిరిగి తిత్తుల జాబితాలోకి తెచ్చింది. ఆ మధ్య కాలంలో వచ్చిన రిపోర్టులో కణితి అని ఉంటే కంగారుపడవద్దు.

ముక్క తీయడానికి ముందు లావు సూదితో లోపలి ద్రవాన్ని లాగి చూడాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కాని, దీన్ని వదిలివేయడాన్ని నేను ఒప్పుకోను. పలచని గడ్డి రంగు నీరు వస్తే తిత్తి లేదా యూనిసిస్టిక్ రకం కావచ్చు. చిక్కగా, మీగడలాగా వస్తే కెరటోసిస్ట్ అనుకోవచ్చు. ఏమీ రాకపోతే లోపల గట్టి కణితి ఉండవచ్చు. ఎర్రటి రక్తం ఒత్తిడితో ఎగజిమ్మితే అది రక్తనాళాల గడ్డ కావచ్చు, అప్పుడు అక్కడికక్కడే ఆగిపోవాలి. అలాంటి గడ్డ మీద ఉన్న పన్నును తెలియక పీకితే ప్రాణం మీదికి వస్తుంది. రిపోర్టులో జెయింట్ సెల్స్ (అనేక కేంద్రకాలున్న పెద్ద కణాలు) కనిపించాయని రాస్తే రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను తప్పక చూడాలి, ఎందుకంటే ఆ గ్రంథి వ్యాధి వల్ల కూడా దవడలో ఇలాంటి ఖాళీలు ఏర్పడతాయి. మీ పిల్లవాని రిపోర్టులో ఆ మాట లేదు కనుక ఇది ఇతర పాఠకుల కోసం రాస్తున్నాను.

ఇక మీరు అడిగిన ఇద్దరు డాక్టర్ల సంగతి. వారిద్దరూ రెండు వేరువేరు వ్యాధులను మనసులో పెట్టుకుని సలహా ఇస్తున్నారు, అందుకే సలహాలు అంత దూరంగా ఉన్నాయి. యూనిసిస్టిక్ రకంలోనే మూడు రూపాలు చూస్తాం. కణితి కణాలు తిత్తి లోపలి పొరకే పరిమితం కావడం మొదటిది, తిత్తి లోపలికి మొటిమలాగా పెరగడం రెండోది, తిత్తి గోడలోకి చొచ్చుకుపోవడం మూడోది. మొదటి రెండింటికి తిత్తిని పంటితో సహా పూర్తిగా తీసివేసి జాగ్రత్తగా గమనిస్తే చాలావరకు సరిపోతుంది. గోడలోకి చొచ్చుకుపోయిన రకాన్ని మాత్రం మామూలు అమెలోబ్లాస్టోమాలాగే చూడాలని చాలామంది సర్జన్లు భావిస్తారు, అంటే ఎక్స్‌రేలో కనిపించే అంచుకు మించి ఒకటి నుండి రెండు సెంటీమీటర్ల ఎముకను కలిపి తీయడం. మామూలు రకాన్ని గీకి వదిలేస్తే సగానికి పైగా మళ్లీ వస్తాయి. ఎముకతో సహా తీస్తే అది చాలావరకు తగ్గుతుంది.

కాబట్టి 19 ఏళ్ల పిల్లవానికి, సందేహం మీద ఉన్న రిపోర్టుతో, మొదటే దవడ కోయించడానికి నేను ఒప్పుకోను. అలాగని తిత్తి తీసేశాం, పని అయిపోయింది అని ఇంటికి పంపడానికీ ఒప్పుకోను. నా దగ్గరికి వస్తే సీబీసీటీ చూసి, ద్రవం లాగి, గోడ దళసరిగా ఉన్న చోటు నుండీ, లోపలికి ఉబ్బిన చోటు నుండీ మళ్లీ ముక్కలు తీస్తాను. అవి కూడా తిత్తి అనే చెబితే, తిత్తిని పంటితో సహా మొత్తంగా తీసి, దాన్ని చింపకుండా పాథాలజీకి పంపుతాను. చివరి మాట ఆ మొత్తం తిత్తి మీద వచ్చే రిపోర్టుదే. అందులో గోడలో కణితి కనిపిస్తే రెండో ఆపరేషన్ అవసరం కావచ్చని మీకు ముందే చెబుతాను. ఈ విషయం మీ సర్జనుతో ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోండి.

ఈలోగా ఆ వైపు కింది పెదవి తిమ్మిరెక్కినా, వాపు వారాల్లోనే వేగంగా పెరిగినా, నొప్పి మొదలైనా వాయిదా తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే చూపించండి.

జవాబు 3: దంతవైద్యుడు, కల్వకుర్తి

ఫ్లోరైడు గురించి మీరు అడిగారు కాబట్టి నేను రాస్తున్నాను, ఇటు మా వైపు కూడా అదే ప్రశ్న తరచూ వింటాను.

నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే, పళ్లు తయారయ్యే వయసులో పింగాణి పొర సరిగా గట్టిపడదు. మచ్చలు, చారలు అందువల్లే వస్తాయి. ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో తాగితే ఎముకలు సాంద్రంగా, బిరుసుగా మారతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలు అనుభవించిన బాధ అదే, దాన్ని ఎవరూ తక్కువ చేసి మాట్లాడలేరు. మీ పిల్లవాని ఎక్స్‌రేలో ఉన్నది దానికి భిన్నమైనది, ఒకచోట ఎముక కరిగి ఏర్పడిన ఖాళీ. ఫ్లోరైడు వల్ల అమెలోబ్లాస్టోమా వస్తుందని నిరూపణ లేదు. ఆ కణితి కణాల్లో బ్రాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుందని 2014లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. అది ఆ కణాల్లో పుట్టిన తరువాత ఏర్పడే మార్పు, తల్లిదండ్రుల నుండి వచ్చేది కాదు. మీ అక్కా బావా తమను తాము నిందించుకోవలసిన పని లేదు.

నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. మన దగ్గర పంటి సమస్య ఏది వచ్చినా నీళ్ల మీదికి నెట్టి ఊరుకోవడం అలవాటైపోయింది. నొప్పి లేని వాపును ఇంకా ఎక్కువగా ఊరుకుంటారు. ఈ కణితులు మొదట్లో నొప్పి పెట్టవు కనుకనే ముఖం వంకరపోయే దాకా రోగులు రారు. రావలసిన వయసులో శాశ్వత పన్ను రాకపోయినా, గట్టి దెబ్బ ఏదీ తగలకుండా పన్ను కదిలినా, పళ్ల మధ్య కొత్తగా సందు ఏర్పడినా, పన్ను పీకిన గుంట ఎంతకూ మానకపోయినా ఒక ఓపీజీ తీయించాలి. ఇది తోటి దంతవైద్యులకు కూడా చేస్తున్న మనవి.

అన్ని కణితులూ ఇంత ఆందోళన కలిగించేవి కావు. పదిహేను, పదహారేళ్ల ఆడపిల్లల్లో పై కోరపన్ను రాకుండా, దాని చుట్టూ తిత్తిలాగా పెరిగే అడెనోమాటాయిడ్ ఓడోంటోజెనిక్ ట్యూమర్ ఉంది. దాన్ని ఒకసారి శుభ్రంగా తీసివేస్తే మళ్లీ రావడం చాలా అరుదు. ఓడోంటోమా అయితే చిన్న చిన్న పళ్లు గుత్తిగా పేర్చినట్లు ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది.

జవాబు 4: జడ్చర్ల నుండి ఒక రోగి

అన్నా, నాకు కింది దవడలో మామూలు రకం అమెలోబ్లాస్టోమా వచ్చింది. మొదట ఒక ఆసుపత్రిలో తిత్తి అని చెప్పి గీకి వదిలేశారు, తీసినదాన్ని పరీక్షకు పంపినట్లు నా కాగితాల్లో ఎక్కడా లేదు. తరువాత అది మళ్లీ వచ్చింది, అప్పుడు దవడ భాగం తీసి కాలి ఎముకతో అతికించారు. ఇప్పుడు మెత్తటి అన్నమే కాదు, జొన్నరొట్టె కూడా తింటున్నాను. మీ అక్కకు ఇది చెప్పండి. ఆపరేషన్ థియేటరు నుండి తీసినది ఏదైనా సరే పరీక్షకు వెళ్లిందా అని తప్పకుండా అడగండి, ఆ కాగితం మీ దగ్గర పెట్టుకోండి. ఖర్చు విషయానికి వస్తే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి ఈ ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందా అని ముందే అడగండి. 2023 డిసెంబరు నుండి దాని పరిమితి పది లక్షలకు పెంచారు.

ప్రశ్న అడిగినవారు: మేనమామ, దేవరకొండ

మీ అందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. జడ్చర్ల అక్కా, నీ మాట మా అక్కకు చదివి వినిపించాను. ల్యాబు వాళ్లు బ్లాకు ఇస్తామన్నారు. మేడం గారికి ఒక ప్రశ్న. కల్వకుర్తి డాక్టరు గారు చెప్పిన ఆ జన్యువు పరీక్ష చేయిస్తే సందేహం తేలిపోదా?

జవాబు 5: ఓరల్ పాథాలజీ ఉపాధ్యాయురాలు

కొంతవరకు ఉపయోగపడుతుంది. కింది దవడ అమెలోబ్లాస్టోమాల్లో ఎక్కువ భాగంలో బ్రాఫ్ మార్పు కనిపిస్తుంది, యూనిసిస్టిక్ రకంలో కూడా కనిపిస్తుంది. బ్లాకు నుండి కోసిన పొరకు ప్రత్యేక రంగు పరీక్ష చేసి ఆ మార్పును పట్టవచ్చు. అది ఉన్నట్లు తేలితే అమెలోబ్లాస్టోమా వైపు మొగ్గు పెరుగుతుంది. లేదని వస్తే మాత్రం అమెలోబ్లాస్టోమా కాదని అర్థం కాదు, ఎందుకంటే ఆ మార్పు లేని అమెలోబ్లాస్టోమాలు కూడా ఉన్నాయి. పైగా మీ బ్లాకులో కణితి భాగం లేకపోతే ఏ పరీక్షా దాన్ని పుట్టించలేదు. కాబట్టి మొదట బ్లాకు నుండి లోతు పొరలు, సీబీసీటీ, సర్జను చెప్పినట్లు మరిన్ని ముక్కలు. సందేహం అప్పటికీ మిగిలితే ఈ పరీక్ష.

తిత్తిని మొత్తంగా తీసిన రోజున, దాన్ని దాని పరిమాణానికి పది రెట్లు ఫార్మలిన్‌లో వేయమని చెప్పండి. ఉప్పునీటిలో వేసి మరునాడు పంపితే కణాలు పాడవుతాయి, అప్పుడు నేనైనా, మరెవరైనా చదవడానికి ఏమీ మిగలదు. పన్నుగాని ఎముక ముక్కలుగాని కలిసి ఉంటే వాటిని ఆమ్లంలో ఉంచి మెత్తబరిచాకే కోయగలం. అందుకు రోజులు, కొన్నిసార్లు వారాలు కూడా పడుతుంది. రిపోర్టు ఆలస్యమైతే ల్యాబును తొందరపెట్టకండి, రిపోర్టు రాకముందే రెండో ఆపరేషన్ తేదీ కూడా ఖాయం చేసుకోకండి. డెంటిజరస్ సిస్ట్ అని తేలితే కొన్నేళ్లు, అమెలోబ్లాస్టోమా అని తేలితే కనీసం పదేళ్లు, డాక్టరు చెప్పిన గడువు ప్రకారం ఎక్స్‌రే తీయించాలి. తిరిగి వచ్చేవాటిలో సగానికి పైగా మొదటి ఐదేళ్లలోనే కనిపిస్తాయి, కాని ఆ తరువాత వచ్చినవీ ఉన్నాయి. అందుకని పిల్లవాడు చదువుకో ఉద్యోగానికో వేరే ఊరికి వెళ్లినా, మొదటి ఓపీజీ, బ్లాకు నంబరు, అన్ని రిపోర్టుల నకళ్లు అతని దగ్గరే ఉండేలా చూడండి.